పెట్టె సర్దే ముందు పొగ ఎటు నుంచి వస్తోందో చూడండి

రాజాంకి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరి నుంచి ఓ తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఏడు పేజీలు రాశారు, కుదించి చెబుతున్నాను.

ఆమెకి ముప్ఫై రెండేళ్లు. భర్తతో కలిసి తొమ్మిదేళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. ఆరేళ్ల కొడుక్కి మూడో ఏట నుంచి ఆయాసం. "ఊళ్లో గాలి మంచిది, గుంటడికి నయమైపోద్ది" అని అత్తమామలు పదేపదే చెప్పడంతో, భర్త ఉద్యోగం మానేసి, గత జూన్‌లో సామానంతా సర్దుకుని సొంతూరు వచ్చేశారు. మొదటి అయిదు నెలలు కలలా గడిచాయి. పిల్లాడికి ఒక్కసారి కూడా పిల్లికూతలు రాలేదు. ఆగస్టులో ఇన్‌హేలర్ కూడా ఆపేశారు. నవంబరు మూడో వారంలో వరికోతలు మొదలయ్యాక అంతా తిరగబడింది. తెల్లవారుజామున నాలుగింటికి దగ్గుతో లేస్తాడు, కూర్చుంటే గానీ ఊపిరి ఆడదు. నెల రోజుల్లో రెండుసార్లు శ్రీకాకుళం తీసుకెళ్లి నెబులైజర్ (మందుని ఆవిరిలా చేసి మాస్కు ద్వారా పీల్పించే యంత్రం) పెట్టించారు.

ఆమె అనుమానాలు మూడు. ఇంటికి ఈశాన్యాన రెండు వందల గజాల దూరంలో భర్త పెదనాన్నగారి రైస్‌మిల్లు ఉంది. ఉప్పుడు బియ్యం మిల్లు కాబట్టి ఊకతో బాయిలర్ నడుస్తుంది. డాబా మీద ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి పడుతోంది. ఆ మిల్లులోనే ఆమె భర్త లెక్కలు చూస్తున్నారు. రెండోది, మామగారు ఈసారి నాలుగెకరాలూ మిషన్‌తో కోయించి, మినుములు చల్లడానికి గడ్డి తగలబెట్టించారు. మూడోది ఫోన్. పొద్దున్నే యాప్ తెరిస్తే గాలి నాణ్యత 155 అని ఎర్ర రంగులో చూపిస్తోంది, దాంతో రోజంతా టెన్షన్. విశాఖలో ఉన్న తల్లి "పిల్లాణ్ణి తీసుకుని ఇక్కడికొచ్చేయ్" అంటున్నారు. భర్త "ఉద్యోగం వదిలేసి వచ్చాను, మళ్లీ ఎక్కడికి పోదాం?" అంటున్నారు. మామగారి మాట: "మేం ఈ పొగలో పెరిగినోళ్లం కాదేటి? మాకేటైనాదా?"

"మిల్లు మీద కంప్లైంట్ పెట్టాలా, మళ్లీ సిటీకి వెళ్లిపోవాలా, లేక నేనే అతి చేస్తున్నానా?" అని అడిగారు. చివర్లో ఒక చిన్న ప్రశ్న కూడా ఉంది, దాని సంగతి ఆఖర్న చెబుతాను.

*

అమ్మా, మీరు అతి చేయడం లేదు. ఆరేళ్ల పిల్లాడు నెలలో రెండుసార్లు నెబులైజర్ దాకా వెళ్లాడంటే ఏ తల్లికైనా నిద్ర పట్టదు. కాకపోతే మీ ఉత్తరంలో మూడు నాలుగు విషయాలు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. వాటిని విడదీయకుండా పెట్టె సర్దినా, కంప్లైంట్ రాసినా వచ్చే ఏడాది ఇదే ఉత్తరం ఇంకో ఊరి నుంచి రాస్తారు.

ముందుగా ఆ అయిదు నెలల కల గురించి. "ఊరి గాలి మంచిది" అన్న మాట అబద్ధం కాదు, సగం నిజం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన వైపు నైరుతి వానలు, ఎడతెగని గాలి. గాలిలోని దుమ్మును వాన కడిగేస్తుంది, మిగిలింది గాలి ఎత్తుకుపోతుంది. మీరొచ్చింది సరిగ్గా ఆ నెలల్లో. అప్పుడు గాలి నైరుతి నుంచి వీచేది, మీ మిల్లు ఈశాన్యాన ఉంది. అంటే మిల్లు తిరిగినా దాని పొగ మీ ఇంటికి ఎదురు దిక్కుకే పోయింది. అక్టోబరు దాటాక గాలి మొహం తిప్పుకుంది. ఇప్పుడు ఈశాన్యపు గాలి ఎక్కువ, పైగా కొత్త ధాన్యం వచ్చి మిల్లు ఊపందుకుంది. వాస్తు చూసినవాళ్లు ఈశాన్యం గురించి చాలా చెబుతారు గానీ ఈ సంగతి మాత్రం చెప్పరు!

దీనికి చలికాలపు రాత్రులు తోడవుతాయి. పొద్దుగూకాక నేల తొందరగా చల్లబడుతుంది, నేలను ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. దానికి పైన కాస్త వెచ్చటి గాలి పొర నిలుస్తుంది. చల్లగాలి బరువైనది, పైకి లేవదు. కుండ మీద మూత పెట్టినట్టే. రాత్రి ఊళ్లో రాజుకున్న ప్రతి పొయ్యి పొగా, ప్రతి గడ్డిమంట పొగా ఆ మూత కిందే ఉండిపోతుంది. తెల్లారాక మనం "మంచు బాగా పట్టింది" అనుకునే దాంట్లో కొంత పొగే. ఎండ ముదిరి తొమ్మిదో పదో అయ్యేసరికి మూత తెరుచుకుంటుంది. మీ అబ్బాయి నాలుగింటికి లేవడానికి ఇదొక కారణం. ఇంకొకటి, ఆయాసం జబ్బుకే తెల్లవారుజాము చెడ్డ వేళ. గాలి ఎంత బాగున్నా ఊపిరి గొట్టాలు ఆ సమయంలో ఎక్కువ బిగుస్తాయి.

ఇప్పుడు మీరు అనుమానితుల జాబితాలో పెట్టని విషయానికి వస్తాను. మీ ఉత్తరం అయిదో పేజీలో, అత్తగారి గురించి మంచిగా చెబుతూ ఒక మాట రాశారు: "పాపం నాలుగున్నరకే లేచి అందరికీ పెరట్లో పొయ్యి మీద వేణ్ణీళ్లు కాస్తారు, రాత్రి పిల్లాడి మంచం కింద దోమల కాయిల్ మర్చిపోకుండా పెడతారు." ఆ వాక్యం రెండుసార్లు చదివాను.

దోమల కాయిల్ ఒకటి పూర్తిగా కాలితే వచ్చే సన్నటి కణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. అది మిల్లులో కాదు, మీ పిల్లాడి మంచం కింద, తలుపులు మూసిన గదిలో, రాత్రంతా కాలుతోంది. దగ్గు వచ్చే వేళకి కాస్త అటూ ఇటూగా పెరట్లో సరుగుడు పుల్లలు, కొబ్బరి డొక్కలు అంటుకుంటున్నాయి. మంచుకి తడిసిన పుల్లలైతే పొగ ఇంకా ఎక్కువ. మిల్లు గొట్టం ఎంత పెద్దదైనా రెండు వందల గజాల దూరంలో ఉంది. వీటికీ పిల్లాడి ముక్కుకీ మధ్య దూరం కొన్ని అడుగులే. ఊపిరితిత్తులకు పొగ ఎవరిదన్న లెక్క లేదు, ఎంత దగ్గర, ఎంతసేపు అన్నదే లెక్క.

అత్తగారిని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఆవిడ చేసేదంతా ప్రేమతోనే. మా నాయనమ్మ ఊకపొయ్యి మీద వండుతూ కళ్లు తుడుచుకునేది, మేం పక్కనే కూర్చుని తినేవాళ్లం, అది పొగ అని మాకు తోచనే లేదు. అయితే దోమతెర కట్టడానికీ, నీళ్లకి గ్యాసో గీజరో వాడడానికీ ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. కంప్లైంట్ కన్నా ముందు ఇది చేయండి. సాయంత్రం సాంబ్రాణి వేసే అలవాటు ఉంటే ఈ రెండు నెలలూ దీపంతో సరిపెట్టమనండి.

రెండో సంగతి, ఆగస్టులో ఆపేసిన ఇన్‌హేలర్. ఇది నిజానికి మొదటే చెప్పాల్సింది. ఆయాసం ఉన్న పిల్లలకి సాధారణంగా రెండు రకాలు ఇస్తారు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు గొట్టాలు విప్పేది. రెండోది రోజూ వాడేది, లోపలి వాపును అణిచి ఉంచుతుంది. ఈ రెండోది పని చేస్తున్నప్పుడు ఏమీ జరగడం లేదనిపిస్తుంది, ఎందుకంటే దాని పనే ఏమీ జరగకుండా చూడడం. అందుకే చాలా ఇళ్లలో ఆపేస్తారు. వానల్లో బాగున్నాడు కదా అని మీరు ఆపింది ఇదే అయితే, కోతల పొగ వచ్చేసరికి పిల్లాడికి కాపలా లేకుండా పోయింది. మీరు ఆపింది ఏ రకమో ఉత్తరంలో రాయలేదు. డాక్టరుకి మాత్రం ఈ విషయం తప్పకుండా చెప్పండి. మొహమాటపడి దాచకండి. మళ్లీ మొదలుపెట్టాలో లేదో, ఎంత మోతాదో ఆయనే చెప్పాలి. మొదలుపెడితే దాని గుణం పూర్తిగా కనిపించడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి వచ్చే ఏడాది సంగతి కోతలు మొదలయ్యాక కాదు, అక్టోబరులోనే అడగాలి.

"ఇన్‌హేలర్ అలవాటైపోతే జీవితాంతం వదలదు" అని ఇంట్లో అంటున్నారని రాశారు. అలవాటు చేసే మందు కాదది. సిరప్‌లూ మాత్రలూ ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరతాయి, మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. పీల్చే మందు నేరుగా చేరుతుంది కాబట్టి మైక్రోగ్రాముల్లో సరిపోతుంది. ఆరేళ్లవాడికి స్పేసర్ డబ్బా తగిలించి ఇవ్వాలి, లేకపోతే చాలా మందు నోట్లోనే ఉండిపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి: ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతున్నా, పూర్తి మాట చెప్పలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా అప్పుడు ఇంట్లో చర్చ పెట్టొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఫోన్ గొడవ తొందరగా తేల్చేద్దాం. మీ ఊళ్లాంటి ఊళ్లలో గాలిని కొలిచే యంత్రాలు ఉండవు. యాప్ చూపించేది ఉపగ్రహాలు, వాతావరణ లెక్కల నుంచి ఒక పెద్ద ప్రాంతానికి కట్టిన అంచనా. పక్క వీధి మిల్లు దానికి కనబడదు, పక్క మండలంలో గాలి బాగున్నా దానికి తెలియదు. పైగా చాలా యాప్‌లు అమెరికా లెక్క చూపిస్తాయి. ఆ లెక్కలో 155 అంటే ఘనపు మీటరు గాలికి సన్నకణాలు సుమారు 60 మైక్రోగ్రాములు. అదే గాలికి మన దేశపు సూచీలో 100 చుట్టూ వస్తుంది. 60 అన్నది ఇరవై నాలుగు గంటలకి మన దేశం పెట్టుకున్న హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. అంటే అది ఎర్ర రంగు చూసి హడలిపోవాల్సిన అంకె కాదు, అలాగని మంచి గాలీ కాదు. పొద్దున్నే యాప్ తెరిచే బదులు డాబా ఎక్కి మిల్లు గొట్టం పొగ ఎటు వాలుతోందో చూడండి. మీ ఇంటికి అంతకన్నా నమ్మకమైన యంత్రం లేదు.

ఒక చిన్న నోటుబుక్ పెట్టండి. మూడు వారాలు చాలు. రాత్రి ఎన్నిసార్లు లేచాడు, పొగ ఎటు వాలింది, మిల్లు నడిచిందా, కాయిల్ పెట్టారా, ఎక్కడైనా గడ్డి తగలబెట్టారా, అంతే. మిల్లుకి సెలవు వచ్చిన రోజు తప్పకుండా రాయండి. మిల్లు ఆగిన రాత్రి కూడా దగ్గు అలాగే ఉంటే మీ అనుమానం కాస్త సడలించుకోవాలి, తగ్గితే మీ చేతిలో ఒక ఆధారం ఉన్నట్టు. పిల్లాడు గట్టిగా ఊదగలిగితే ఊపిరి ఎంత జోరుగా వదులుతున్నాడో కొలిచే పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, వాడే విధానం డాక్టరు చూపిస్తారు.

ఇక మిల్లు. వంద కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు ఇరవై కిలోల ఊక వస్తుంది. ఆ ఊక కాలితే అందులో అయిదో వంతు దాకా బూడిద మిగులుతుంది. సీజన్లో రోజుకి ఎన్ని బస్తాలు ఆడతాయో మీ ఆయనకి తెలుసు, లెక్క కట్టమనండి. మీ బట్టల మీద పడే నల్ల నుసి పెద్ద రేణువులు, అవి కంటికి కనబడతాయి, ముక్కులోనే చాలావరకు ఆగుతాయి. లోపలికి దిగేవి కనబడనివి. అయితే నుసి మీ దాకా వస్తోందంటే గొట్టానికి ఉండాల్సిన దుమ్ము పట్టే ఏర్పాటు సరిగ్గా పని చేయడం లేదనో, బూడిద కుప్ప ఆరుబయట పొడిగా పడి ఉందనో అర్థం.

ఇక్కడ మీకు రెండు దారులున్నాయి, రెండింటికీ ఖర్చుంది. మొదటిది ఇంటి దారి. పెద్ద మామగారితో మీరు కాదు, మీ ఆయన మాట్లాడాలి. "మీ మిల్లు వల్ల మా బాబుకి జబ్బు" అని మొదలుపెడితే మాట అక్కడే తెగిపోతుంది. లెక్కలు చూసే మనిషిగా, "బూడిద మీద నీళ్లు చల్లిద్దాం, ఊక కుప్ప మీద టార్పాలిన్ కప్పిద్దాం, దుమ్ము పట్టే యంత్రం ఈ సీజన్లో ఎప్పుడు శుభ్రం చేశారో చూద్దాం" అని పని మాటలు మాట్లాడితే వినే అవకాశం ఉంది. వాటికి పెద్ద డబ్బు కాదు. చుట్టుపక్కల ఇంకా ఎన్నో ఇళ్ల బట్టలు నల్లబడుతూనే ఉంటాయి, రేపు వాళ్లెవరో ఫిర్యాదు చేస్తే ఆయనకే తలనొప్పి, ఆ మాట కూడా చెవిన వేయొచ్చు. ఈ దారిలో పోయేది ఓపిక. ఒక సీజన్ గడిచిపోవచ్చు కూడా.

రెండోది కాగితం దారి. 1981 నాటి వాయు కాలుష్య చట్టం ప్రకారం ఇలాంటి మిల్లు నడవడానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి, ఆ అనుమతికి షరతులుంటాయి. మండలికి రాయొచ్చు, సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వొచ్చు. అది మీ హక్కు. కానీ చిన్న ఊళ్లో అర్జీ ఎవరిదన్నది సాయంత్రానికి టీకొట్టు దాకా వస్తుంది. మీ ఆయన ఉద్యోగం, ఇంటి పెళ్లిళ్లలో పలకరింపులు, మామగారికీ అన్నగారికీ మధ్య ఇన్నాళ్ల పొత్తు అన్నీ దాని మీద పడతాయి. అయినా వేయాల్సిన రోజు రావచ్చు. వస్తే ఒక్కరే కాకుండా వీధిలో నలుగురితో కలిసి వేయండి. నోటుబుక్ లేకుండా మాత్రం ఆ దారి తొక్కొద్దని నా సలహా.

మామగారి సంగతి నాకు మిగతావాటికన్నా తేలిగ్గా కనిపిస్తోంది. ఆయన నాలుగెకరాలు తగలబెట్టింది ఒక్కసారి, ఆ పొగ ఎప్పుడో పోయింది. మిగిలింది ఊరందరి మంటలు. ఆయన బాధ కూడా అర్థం చేసుకోండి. వెనకటికి మన మాగాణుల్లో వరి కోయకముందే, చేలో తేమ ఉండగానే మినుములో పెసలో చల్లేసేవారు. మనుషులు కోసి, పనలు ఆరాక మోసుకెళ్లి కుప్ప వేసేవారు. ఇప్పుడు కూలీలు దొరకరు, మిషన్ దిగితే ముందే మొలిచిన మినుము నలిగిపోతుంది. మిషన్ వెనక గడ్డి వరసలుగా పడిపోతుంది. తేమ ఆరకముందు గింజ పడాలి, గడ్డి తీయించడానికి టైం లేదు. అగ్గిపుల్ల ఒక్కటే చవక.

"బూడిద భూమికి బలం" అని కూడా ఆయన అని ఉంటారు. అందులో కొంత నిజముంది, పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది. కానీ టన్ను వరిగడ్డిలో అయిదు కిలోల పైచిలుకు నత్రజని ఉంటుంది, కాలిస్తే అది దాదాపు మొత్తం గాల్లోకి పోతుంది. ఎకరాకి రెండు టన్నుల గడ్డి వేసుకున్నా నాలుగెకరాల్లో పోయిన నత్రజని దాదాపు యూరియా బస్తా రెండింటికి సమానం. "పొగ" అనే మాట ఎత్తకుండా ఈ లెక్క ఆయన ముందు పెట్టి చూడండి. రైతుకి మనవడి దగ్గూ అర్థమవుతుంది, యూరియా బస్తా కూడా అర్థమవుతుంది. గడ్డి మోపులు కట్టే మిషన్ నలుగురు రైతులు కలిసి పిలిపించుకోవచ్చు, పశువులున్నవాళ్లకి "మీరే తీసుకెళ్లండి" అని ముందే చెప్పి పెట్టుకోవచ్చు. ఏదీ కుదరక తగలబెట్టి తీరుతానంటే, కనీసం సాయంత్రం కాకుండా మంచు ఆరాక మిట్టమధ్యాహ్నం చేయమనండి, పొగ పైకి పోతుంది. కాల్చమని సలహా ఇస్తున్నానని ఎవరైనా కోప్పడితే పడనివ్వండి.

ఆయనతో వాదించడం కన్నా వచ్చేసారి శ్రీకాకుళం డాక్టరు దగ్గరకి ఆయన్నే తోడు తీసుకెళ్లండి. "మాకేటైనాదా" అన్న మనిషి పిల్లాడి మొహానికి మాస్కు పెట్టి గంట కూర్చుంటే మాట మారవచ్చు.

చివరికి, వెళ్లిపోవడం. విశాఖ వెళ్తే మంచి గాలి దొరుకుతుందనుకోవడం అమ్మ ప్రేమ. విశాఖకి డిసెంబరు, జనవరి గాలి మంచిది కాదు. కేంద్రం గాలి బాగుచేయాల్సిన నగరాలని గుర్తించిన జాబితాలో విశాఖ ఉంది, విజయనగరం, శ్రీకాకుళం కూడా ఉన్నాయి. హైదరాబాద్ మీకే తెలుసు, అక్కడ ఆయాసం ఉండే కదా ఇక్కడికి వచ్చారు. తిరిగి వెళ్తే డాక్టరు దగ్గరవుతాడు, ఆసుపత్రి దగ్గరవుతుంది, అది చిన్న లాభం కాదు. కానీ ఇప్పుడు రెండు నెలలు ఉన్న బాధ ఏడాదంతా పరుచుకోవచ్చు. మీ ఆయనకి మళ్లీ ఉద్యోగం వెతుకులాట.

మీరు ఊరు వదలాలా వద్దా అని అడిగారు. నాకైతే ఆ ప్రశ్న ఏడాది మొత్తానిది కాదనిపిస్తోంది. మీ ఇబ్బంది నవంబరు మూడో వారం నుంచి జనవరి చివరి దాకా, పది వారాలది. ఆ పది వారాలకి పొలాలకీ మిల్లుకీ దూరంగా, ఊరికి అవతలి వైపు, గాలి ముందుగా తగిలే పక్క ఒక డాబా ఇంట్లో గది అద్దెకి తీసుకోవచ్చు. "వేరు కాపురం పెట్టారు" అనే మాట వస్తుంది, దానికి సిద్ధపడాలి. లేదా ఉన్న ఇంట్లోనే ఒక గది పిల్లాడికి కేటాయించి, సాయంత్రం ఆరు నుంచి ఎండెక్కే దాకా కిటికీలు మూసి, మధ్యాహ్నం బార్లా తెరవొచ్చు. డాబా గది అయితే గాలి శుద్ధి చేసే యంత్రం కొంత పని చేస్తుంది. పెంకుటింటి గది అయితే డబ్బు దండగ, సందుల్లోంచి వచ్చే పొగని అది ఆపలేదు. ఈ చలికాలం ఇంట్లో మార్పులతో, మందుతో చూడండి. ఫిబ్రవరికి నోటుబుక్ ఏం చెబుతుందో దాన్ని బట్టి వచ్చే నవంబరు సంగతి అక్టోబరులో తేల్చుకోండి. అప్పటికీ పిల్లాడు నెబులైజర్ దాకా వెళ్తుంటే వేరే ఊరు వెతకడానికి నేనూ మీ పక్షమే.

ఇక మీ ఆఖరి ప్రశ్న. "భోగి రోజు మంటలో వేస్తానని మా వాడు తాతతో కలిసి పిడకల దండ గుచ్చుతున్నాడు. వెళ్లనివ్వొచ్చా?" అన్నారు. భోగిమంట తెల్లవారుజామున వేస్తారు, నేను చెప్పిన మూత గట్టిగా బిగిసి ఉండే వేళ అది. పైగా కుర్రాళ్లు ఎక్కడో అక్కడ పాత టైరు తెచ్చి పడేస్తారు. దండ తాతగారి చేత వేయించండి, పిల్లాడు అద్దాల కిటికీ వెనక నుంచి చూస్తాడు. సాయంత్రం భోగిపళ్లు మాత్రం ఘనంగా పోయండి. రేగుపళ్లతో ఆయాసం రాదు.